రిమార్కుల గడి

దేశమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొడతాను.
పట్టీ బిగుసుకుంటుంది. ఆమె ఊపిరి బిగబడుతుంది.
పైన నూట డెబ్బై, కింద నూట నాలుగు.
ఫారంలో రెండు గళ్లు. రెండంకెలు రాస్తాను.

చిత్తూరు సంతపేట, నీవా వైపు దిగే సందు.
పదహారిళ్లు, పదకొండు బీపీలు, ఏడు షుగర్లు,
ఒక పక్షవాతం:
మాబు, నలభై రెండేళ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు.
సీజనంతా పగలు కన్ను మూతపడని రేకుల ఇల్లు.
బీడీ తాగుతాడా అని అడిగే గడి ఉంది.
నిద్ర పోనిచ్చారా అని అడిగే గడి లేదు.

"బియ్యం తగ్గించి రాగులు తినక్కా" అన్నాను.
"మా యమ్మ సంగటి తినే ఎనభై ఏండ్లు బతికె.
అప్పుడది లేనోళ్ల కూడు.
ఇప్పుడు డబ్బాలో పోసి, పైన బొమ్మేసి
ఉండేవోళ్లకు అమ్ముతాండారు.
మాకు స్టోరు బియ్యం, దాంట్లోకి ఊరుబిండి.
ఉప్పు లేకపోతే అదెట్ల దిగుతాది గొంతులో?"

"పోనీ, రోజూ అర్ధగంట నడువు."
ట్రైనింగులో నేర్పిన మాట, నోటికొచ్చేసింది.
దేశమ్మ పట్టీ తనే ఊడదీసుకుంటూ నవ్వింది.
"యాడ నడిచేదిమే?
ముందరికి పోతే వేలూరు రోడ్డు, లారీ కింద పడాల.
ఎనక్కి పోతే ఏరు, కోళ్ల బొచ్చు, కంపు.
తెల్లారితే కుళాయి కాడ బిందెల వరస,
పగలంతా గ్రానైటు దుమ్ము ఊడ్చే పని.
ఇంక మిగిలింది మాపటేళ. అప్పుడు చీకటి, కుక్కలు,
బ్రాందీ షాపు కాడ మొగోళ్లు.
నువ్వొకతూరి నడిచి చూపీ."

నడిచాను.
ఏడున్నరకి, సెల్లు వెలుగులో.
మూత లేని కాలవ దగ్గర చెప్పు జారింది.
ఒక కుక్క నా వెనకే వచ్చింది, మొరగకుండా. అదే భయం.
చీకట్లో ఎవరో దగ్గారు, ఊరికే దగ్గలేదు.
ఇంటికొచ్చి నా చేతికే పట్టీ చుట్టుకున్నాను:
నూట నలభై ఎనిమిది.
అది నా అంకె కాదు. ఆ సందుది.

నాలుగేళ్లుగా రిమార్కుల గడిలో 'నిల్' అని రాస్తున్నాను.
ఆ నెల రాయలేదు.
'స్తంభాలు మూడు. బల్బులు సున్నా.
మందు: దీపం ఒకటి, మాపటేళ, రోజూ, జీవితాంతం' అని రాశాను.

సూపర్‌వైజరు సరళాదేవి గారు అద్దాలు తీసి చూశారు.
"ఎగతాళా?"
మున్సిపల్ ఆఫీసులో ఇంజినీరు కాగితం తిప్పి ఇచ్చాడు.
"ఇది రోగాల కాగితమమ్మా, మాది కాదు."
పదకొండు నెలలు నా సంచీలో నలిగింది
ఎవరిదీ కాని కాగితం.
ఈలోపు కుప్పమ్మకు మూత్రపిండాలు పోయాయి.
మంగళవారం, శుక్రవారం తిరుపతి బస్సు.
ఆ టికెట్లు ఆమె కొంగుకే ముడేసుకుంటుంది.
ఒకరోజు విప్పి లెక్కేశాను,
సందుకంతా దీపాలు పెట్టి
ఇంకా చిల్లర మిగిలేది.

చివరికి దీపం వచ్చింది.
మేమడిగిన స్తంభానికి కాదు,
కౌన్సిలరు బావమరిది చికెన్ అంగడి ముందర దానికి.
అయినా వెలుగు వెలుగే గదా.
చికెన్ అంగడి నుంచి పంపుహౌసు దాకా తొంభై అడుగులు,
మళ్లీ వెనక్కి.
ఆరుగురు ఆడవాళ్లు, రబ్బరు చెప్పులు.
బస్సు లేని రోజుల్లో కుప్పమ్మ అంగడి అరుగు మీద కూచుని
చుట్లు లెక్కపెడుతుంది, తప్పుగానే.
నడిచినంతసేపూ మున్సిపాలిటీని తిడతారు.
తిట్టడానికి ఊపిరి చాలక
మధ్యలో ఆగి నవ్వుకుంటారు.

ఈ నెల దేశమ్మ: నూట యాభై ఎనిమిది, తొంభై ఆరు.
మాత్ర వల్లా, నడక వల్లా, ఏమో.
పై ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టే అంకె కాదు.
ఆమె మాత్రం అంకె అడగలేదు.
నా పెన్ను వైపు చూసింది.
"రెండో స్తంభానికీ చీటీ రాయిమే.
తొంభై అడుగులకే తిరగాలంటే
గానుగెద్దు మాదిరుండాది."